డబ్బాలో మిగిలిన కరెంటు

ఈ ఏటి సంచికకి ఏదైనా రాసివ్వమని మా తెలుగు లెక్చరరు గారు క్లాసులో లేపి మరీ అడిగారు. నేను తల గోక్కున్నాను. కవిత్వమా అంటే, అది రాసేవాళ్ళు మా హాస్టల్లో గదికి ఇద్దరున్నారు; ఇంకొకడు తయారైతే సంచిక కుట్టడానికి దారం చాలదు. ప్రేమకథ రాద్దామంటే అనుభవం నిల్లు. విజ్ఞాన వ్యాసం రాద్దామంటే, అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు లావుపాటి పుస్తకం ముందేసుకుని రాస్తూనే ఉన్నారు. దాన్ని రాసినవాడూ ప్రూఫు దిద్దినవాడూ తప్ప మూడోవాడు చదివిన దాఖలా లేదు.

"పోనీ, నీకు తెలిసిందేదో రాయవయ్యా" అన్నారు సారు.

నాకు తెలిసినవి రెండే. ఒకటి మిరప తోట. రెండోది ఏసీ మిషన్ల రిపేరు. ఈ రెండోది నాకు తెలుసునన్న సంగతి మా అమ్మకి తెలియదు. మిరప తోట గురించి మొదలుపెడితే సంచిక మొత్తం నాకే ఇవ్వాల్సి వస్తుంది గనుక రెండోదే రాస్తున్నాను.

మాది పల్నాడు. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు చేసేదాకా గుంటూరు జిల్లాలోనే ఉండేవాళ్ళం. మా వైపు "ఏసీ" అంటే మనుషులు పడుకునేది కాదు, మిరపకాయలు పడుకునేది. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డు స్టోరేజీలని మా రైతులంతా ఏసీ అనే అంటారు. "కాయ అమ్మావా?" "లేదు, ఏసీలో పెట్టా" — ఈ మాటలు నేను ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. మనుషులకి కూడా ఏసీలుంటాయని నాకు ఇంటర్మీడియట్‌కి పట్నం వచ్చాకే బాగా తెలిసింది. అన్నట్టు, ఈ ఏసీ అనేది పుట్టింది కూడా మనుషుల కోసం కాదు. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు వాళ్ళకి గాలిలో తేమ వల్ల కాగితం సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగా కూర్చోక బొమ్మలు చెడిపోతుంటే, విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు ఆ తేమని అదుపు చేసే యంత్రం ఒకటి డిజైను చేశాడు. కాగితం కోసం మొదలైంది కాయల దాకా వచ్చింది. మధ్యలో మనుషులు దూరారు.

ఇక అసలు సంగతి. 2024 ఏప్రిల్ నెలాఖరుకి హాస్టలు మెస్సుకి నేను పడిన బాకీ పదకొండు వేల చిల్లర. ఆ ఏడు మా కాయలో తాలు ఎక్కువొచ్చింది. బాగున్న టిక్కీలు రేటు కోసం ఏసీలో ఉన్నాయి. అడిగితే మా నాయన తెచ్చి ఇచ్చేవాడే. కాని ఎక్కడినుంచి తెస్తాడో, నూటికి ఎంత వడ్డీకి తెస్తాడో నాకు తెలుసు. అందుకని అడగలేదు. హాస్టల్లో మా సీనియరు ఒకాయన గుంటూరులో ఒక ఏసీ రిపేరు షాపులో హెల్పరుగా కుదిర్చాడు. రోజుకి మూడొందల యాభై, మధ్యాహ్నం భోజనం షాపుదే. గుంటూరు ఎండల సంగతి తెలియనివాళ్ళు ఈ కాలేజీలో ఉండరు గనుక, మే నెలలో ఆ షాపుకి ఎంత గిరాకీ ఉండేదో చెప్పక్కర్లేదు.

ఆ షాపు మెకానిక్కు నా గురువు. ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి. మిషను పక్కన నిలబడి, చెవి ఒకవైపు వంచి, "బేరింగు" అంటే బేరింగే, "గ్యాసు" అంటే గ్యాసే. నేను ఫిజిక్సు చదువుతున్నానని తెలిసిన రోజునుంచీ నా పేరు తీసేసి "సైంటిస్టూ" అని పిలిచేవాడు. "సైంటిస్టూ, ఆ నిచ్చెన పట్టు." "సైంటిస్టూ, రెండు టీలు చెప్పు." మూడేళ్ళ చదువుకి అంతకంటే పెద్ద బిరుదు నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఇంటికి మాత్రం "సెలవుల్లో కంప్యూటరు కోర్సు చేస్తున్నా" అని చెప్పాను. ఎందుకు అబద్ధం చెప్పానంటే, దానికి మా బాబాయి సంగతి చెప్పాలి.

మా బాబాయి 2013లో పోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజుల్లో పొలాలకి కరెంటు విడతలుగా వచ్చేది, రాత్రి విడత వస్తే రాత్రే పోవాలి. మూడు ఫేజులూ ఉంటే సరే. ఒక్కోసారి ఒక ఫేజు ఉండేది కాదు. త్రీఫేజు మోటారు రెండు ఫేజుల మీద కదలదు గదా, అందుకని రైతులు కెపాసిటర్ డబ్బాలు తెచ్చి స్టార్టరు దగ్గర తగిలించి, లేని మూడో ఫేజుకి మారుగా దాన్ని పెట్టి మోటారు నడిపేవాళ్ళు. మోటార్లు కాలిపోయేవి, అయినా నడిపేవాళ్ళు. ఎండుతున్న తోట ముందు మోటారు గురించి ఆలోచించే రైతు ఉండడు. అలా ఒక రాత్రి మా నాయనా బాబాయీ బోరు దగ్గరికి పోయారు. తెల్లారేసరికి నాయన ఒక్కడే నడిచి వచ్చాడు. "కరెంటు కొట్టింది" అన్నారు. మా ఇంట్లో ఆ సంగతి గురించి పదకొండేళ్ళలో ఆ రెండు మాటలే నేను విన్నాను. మూడో మాట నాయన ఎప్పుడూ అనలేదు.

దినాలయ్యాక మా అమ్మ నా చెయ్యి తన నెత్తిమీద పెట్టుకుని, జన్మలో కరెంటు జోలికి పోనని ఒట్టు వేయించుకుంది. డిగ్రీలో ఫిజిక్సు తీసుకున్నానంటే "అందులో ఏముంటై?" అని అడిగింది. "కటకాలు, లోలకాలు" అన్నాను. అబద్ధమేం కాదు, అవీ ఉంటాయి.

మే నెల మూడో వారంలో ఒక మధ్యాహ్నం షాపుకి ఫోనొచ్చింది. గురువు ఇంకో ఆస్పత్రి పని మీద ఉన్నాడు. "నువ్వుపోయి చూసిరా. చూడు, అంతే. ఏదీ విప్పమాక" అని చెప్పి సంచీ ఇచ్చి పంపించాడు.

ఒక రిటైరయిన లెక్కల టీచరు గారి ఇల్లు అది. భర్తకి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. ఆయన గదికే ఏసీ. గదిలోకి పోతే గోడ మీది పెట్టె ఊదుతోంది గాని ఊదేది ఉత్త గాలి. ఆయన ఒంటికింద తడిగుడ్డ వేసి ఉంది. టీచరు గారు తాటాకు విసనకర్రతో విసురుతూనే నాతో మాట్లాడింది.

"పొద్దుటినుంచీ ఇంతే బాబూ. కాసేపు బయట మిషను మోగుతుంది, టక్కుమని ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది."

ఈ మాట వింటేనే సగం తెలిసిపోవాలి. స్ప్లిట్ ఏసీలో లోపలి పెట్టె గదిలో వేడిని పీల్చుకుంటుంది. గ్యాసు ఆ వేడిని మోసుకొచ్చి బయటి పెట్టెలో కక్కుతుంది. కక్కిన వేడిని ఎప్పటికప్పుడు ఊదిపారేసే పని అక్కడున్న ఫ్యానుది. అది ఆగిందా, వేడి పోయే దారి లేక గ్యాసు ప్రెషరు పెరిగి, కంప్రెసరు ఒళ్ళు కాలి, తన రక్షణకి పెట్టిన ఓవర్‌లోడు స్విచ్చి తెంచుకుని పడుకుంటుంది. కాస్త చల్లారాక మళ్ళీ లేస్తుంది. టీచరు గారు చెప్పింది అచ్చంగా అదే.

మేడ మీదికి పోయాను. పడమటి ఎండకి ఎదురుగా బిగించారు ఆ పెట్టెని, బిగించినవాడెవడోగాని మహానుభావుడు. కంప్రెసరు మోగుతోంది, ఫ్యాను తిరగట్లేదు. చెవి పెడితే సన్నగా మూలుగు. మా గురువు చూపించిన చిట్కా ఒకటుంది, చీపురుపుల్ల ఒకటి జాలీలోనుంచి పెట్టి రెక్కని మెల్లగా నెట్టడం. (ఇది ఎవరూ ఇంట్లో చేయకండి. పుల్ల బదులు వేలు పెట్టినవాళ్ళని నేను చూశాను.) నెట్టాను. తిరిగింది! నీరసంగా, లంఖణాలు చేసినవాడిలాగా తిరిగింది. రెండు నిమిషాలు తిరిగి ఆగింది. మళ్ళీ నెడితే ఈసారి మూలుగు కూడా లేదు.

అక్కడే నేను తెలివితక్కువ పని చేశాను. అది చెప్పేముందు ఈ మోటారు స్వభావం రెండు ముక్కలు చెప్పాలి.

సింగిల్ ఫేజు మోటారుకి పుట్టుకతోనే ఒక అవకరం ఉంది. ఒకే వైండింగులో పారే కరెంటు అయస్కాంత క్షేత్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపగలదు గాని గుండ్రంగా తిప్పలేదు. సమానమైన బలం గల ఇద్దరు చెరో వైపునుంచీ తోస్తుంటే గానుగ ఎటు కదులుతుంది? అందుకని పక్కనే రెండో వైండింగు ఒకటి చుట్టి, దానికి వరుసలో ఒక కెపాసిటరు కడతారు. కెపాసిటరు వల్ల ఆ వైండింగులో కరెంటు కాస్త ముందుగా పోతుంది. ఒకదాని వెనక ఒకటి రావడంతో క్షేత్రం తిరుగుతుంది, దాని వెంట రోటారు తిరుగుతుంది. తిరిగే క్షేత్రం సంగతి ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా ఎవరికివారే కనిపెట్టి, ఇద్దరూ 1888లోనే లోకానికి చెప్పారు. ఆ డబ్బా నీరసించిందనుకోండి, మోటారు మూలుగుతుంది గాని తనంతట లేవదు. ఎవరైనా నెడితే తిరుగుతుంది, కాని బలహీనంగా తిరుగుతూ లోలోపల వేడెక్కుతుంది. అంటే పుల్లతో నెట్టగానే తిరిగిందంటే మొదటి అనుమానం డబ్బా మీదికి పోవాలి. కెపాసిటరులో కరెంటు వోల్టేజీకి 90 డిగ్రీలు ముందుంటుందని పరీక్షలో గీతలు గీసి మరీ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నాకా అనుమానం రాలేదు. రెండోసారి మూలుగు లేదు గదా, అంతే, "మోటారు చచ్చింది" అనుకున్నాను.

కింద ఎంసీబీ దించి వచ్చాను. చూడమంటే చూడకుండా పైరేకు విప్పాను. మోటారు మీద చెయ్యి పెడితే పొయ్యి మీది పెనంలాగా ఉంది. మీటరు తీశాను. మోటారు నుంచి మూడు వైర్లొస్తాయి. ఒకటి కామను, ఒకటి రన్ను, ఒకటి స్టార్టు. రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోరకం. ఇందులో కామను ఏదో పెట్టె మీద అంటించిన బొమ్మ చూసి తెలుసుకున్నాను. కామనుకీ రన్నుకీ మధ్య పెడితే మీటరు ఏమీ చూపించలేదు. కామనుకీ స్టార్టుకీ మధ్యా ఏమీ లేదు. ఓపెన్. కాగితం మీద రెండూ రాసుకుని గురువుకి ఫోను కొట్టాను.

"కాలిపోయిందన్నా, రెండు వైండింగులూ పోయినై."

"అట్టాగా. మోటారూ కూలీ కలిపి మూడువేల రెండొందలని చెప్పు. సాయంత్రం తెస్తా."

టీచరు గారికి చెప్పాను. ఆమె ఏమీ బేరమాడలేదు. వంటింట్లోకి పోయి, పప్పుల వెనకనుంచి ఒక స్టీలు డబ్బా తీసి, వందలూ యాభైలూ లెక్కపెట్టి ఇచ్చింది. ఆ డబ్బాలో ఇంకేమన్నా మిగిలిందా అని నేను చూడకుండా ఉండలేకపోయాను. మా అమ్మకీ అలాంటి డబ్బా ఒకటుంది.

సరే, గురువు వచ్చేలోపు పాత మోటారు వైర్లు విప్పి ఉంచుదామని మళ్ళీ మేడెక్కి కూచున్నాను. వైర్లు కెపాసిటర్ల దగ్గరకి పోతాయి. కంప్రెసరుది పెద్ద డబ్బా, 50 మైక్రోఫారడ్లు. ఫ్యానుది చిన్నది, రెండున్నర. చెయ్యి ముందుకి చాపాను. జేబులో ఫోను మోగింది.

నాయన. రోజూ ఆ వేళకి చేస్తాడు, యార్డులో రేటు ఎంత పలికిందో ఫోనులో చూసి చెప్పమని.

"యాడున్నావురా? ఏందా ఎండ మోత, కాకులరుస్తన్నై?"

కోర్సులో ఉన్నానని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కాని ముందురోజే చెప్పిన అబద్ధం మీద ఇంకొకటి పేర్చడానికి ఆ ఎండలో ఓపిక లేకపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. షాపు, మెస్సు బాకీ, మేడ, మోటారు, అన్నీ.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫోను తెగిందేమో అనుకున్నాను.

"కరెంటు తీశావా?"

"తీశా నాయనా. కింద ఎంసీబీ దించా."

"డబ్బా ఉందా దాంట్లో?"

"రెండున్నై."

"డబ్బాల్లో తీశావా?"

నేను మాట్లాడలేదు.

అప్పుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, ఎందుకంటే నా మాటల్లో పెడితే అది వేరే అవుతుంది.

"ఆ రాత్రి మోటారు మూలగతంటే డబ్బా వైరు ఊడిందని జూశాం. ఫీజులు పీకింది నేనేరా. పీకి, చేతిలో పట్టుకుని, వాడికి జూపిచ్చి మరీ చెప్పా, ఇంక చెయ్యి బెట్టు, ఏం గాదు అని. వాడు నా మాట మీద బెట్టాడు. డబ్బాలో ఉంటదని నాకూ తెలవదు, వాడికీ తెలవదు. ఎగిరి గట్టు రాయి మీద బడ్డాడు."

మళ్ళీ కాసేపాగి, "ముందు డబ్బాల్లో తియ్యి. తీసి, కాసేపు నీడన గూర్చో. తొందరేం లేదు" అన్నాడు. రేటు సంగతి అడగకుండానే ఫోను పెట్టేశాడు.

గురువు సంచీలో టెస్టు ల్యాంపు ఉంది — ఒక హోల్డరు, అందులో పాతకాలపు ఫిలమెంటు బల్బు, రెండు వైర్లు. పెద్ద డబ్బా కొనలకి ఆ వైర్లు తాకించాను. వెలగలేదు. చిన్నదానికీ తాకించాను. వెలగలేదు. రెండూ ఖాళీగానే ఉన్నాయి. ఫిజిక్సు ప్రకారం ఉండాల్సింది కూడా అంతే. వైర్లన్నీ సరిగా ఉంటే కెపాసిటరు చుట్టూ మోటారు వైండింగుల గుండా ఒక దారి మిగిలి ఉంటుంది, కరెంటు ఆపగానే ఆ దారిలో తానే ఖాళీ అయిపోతుంది. ఏదైనా వైరు ఊడితేనే ఆ దారి తెగి లోపలిది లోపలే ఉంటుంది. బాబాయి పట్టుకున్నది వైరు ఊడిన డబ్బాని.

ఇదంతా ఆ మేడ మీద, వాటరు ట్యాంకు నీడలో కూచుని ఆలోచించాను. నా చెయ్యి వణుకుతోంది. ఖాళీ డబ్బాకి ఎవరైనా వణుకుతారా అని నామీద నాకే చిరాకేసింది.

అంతలో టీచరు గారు గొడుగు వేసుకుని గ్లాసుతో మజ్జిగ తీసుకుని పైకి వచ్చింది. నేను తాగుతుంటే పక్కనున్న నా కాగితం తీసి చూసింది. అరవై దాటినా లెక్కల టీచరు చూపు పోలేదు.

"మూడు వైర్లన్నావు గదా బాబూ. మూడింట్లో రెండేసి తీసుకుంటే జతలు మూడు రావాలి. రెండే రాశావేం?"

ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు వర్ణించడం నావల్ల కాదు. మూడో రీడింగు నేను తియ్యనే లేదు! లేచి రన్నుకీ స్టార్టుకీ మధ్య మీటరు పెట్టాను. 490 ఓములు చూపించింది. అంటే రన్ను వైండింగు బాగానే ఉంది, స్టార్టు వైండింగూ బాగానే ఉంది, లేకపోతే ఈ రెంటి చివరలమధ్య రీడింగు రాదు. తెగింది ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న కామను దారి ఒక్కటే. అప్పుడు మోటారు మీది రేకు తుడిచి చదివాను. ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఉంది: థర్మల్లీ ప్రొటెక్టెడ్. మోటారు మరీ వేడెక్కితే కామను దారిలో ఉన్న చిన్న రక్షణ తెంచుకుంటుంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. కంప్రెసరుకి ఉన్నట్టే దీనికీ ఉంది. నేను కొలిచింది చచ్చిన మోటారుని కాదు, ఒళ్ళు కాలి సొమ్మసిల్లిన మోటారుని.

ముప్పావుగంట ఆగాను. మోటారు చెయ్యి పెట్టేటంత చల్లారింది. మళ్ళీ కొలిస్తే కామను రన్ను 215, కామను స్టార్టు 260. రెండూ కలిపితే 475. ఇందాకటి 490, ఇప్పుడు కొలిస్తే అదే 475 అయింది. వేడి మీద రాగి తీగ రెసిస్టెన్సు ఎక్కువ చూపిస్తుందని ప్రాక్టికల్సులో రికార్డు రాశాను గాని, నమ్మింది ఆ రోజే. చిన్న డబ్బా విప్పి కొలిచాను. మీద 2.5 అని రాసి ఉంది, ఉన్నది 0.8.

గురువుకి మళ్ళీ ఫోను. విషయం చెప్పాను. కొత్త డబ్బా సంచీలోనే ఉంది, డబ్బాకీ కూలీకీ కలిపి రెండొందల యాభై. అవతల నిట్టూర్పు వినపడింది.

"సైంటిస్టూ, నువ్విట్టా ధర్మం జేసుకుంటాపోతే నా షట్టరు అద్దె ఎవడు కడతాడ్రా?" అని, తర్వాత కాస్త గొంతు మార్చి, "అదిగాదు. అంత వేడెక్కిన మోటారు లోపల వార్నీషు దెబ్బతినుంటది. బేరింగు జూడు. డబ్బా వేసొస్తావు, పదిరోజులకి మోటారు బిగుసుకుంటే మళ్ళీ మనల్నే తిడతారు" అన్నాడు.

ఆ మాటలో అన్యాయమేం లేదు. రెక్కని చేత్తో తిప్పి చూశాను. ధారాళంగానే తిరిగింది గాని చివర్లో ఇసక నలిగినట్టు సన్నటి చప్పుడు. టీచరు గారికి రెండు సంగతులూ చెప్పాను — ఇప్పుడు డబ్బాతో నడుస్తుంది, ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను; మోటారు మారిస్తే ఆ బెంగ లేదు. ఆమె కాసేపు ఆలోచించి, "పోయిననాడు మార్చుకుందాంలే బాబూ" అంది. డబ్బులు తిరిగి ఇచ్చేశాను. డబ్బా బిగించి, జాలీలో పేరుకున్న దుమ్ము నీళ్ళు కొట్టి కడిగి, ఎంసీబీ ఎత్తాను. ఫ్యాను ఎవరూ నెట్టకుండానే లేచింది. అరగంట కూచుని చూశాను, కంప్రెసరు ఆగలేదు. కిందికి దిగితే పెద్దాయన నిద్రపోతున్నాడు. విసనకర్ర మంచం కింద ఉంది.

నేను గెలిచానని ఇక్కడ రాసుకుంటే బాగుండును. ఇరవయ్యారు రోజులకి, జూన్ మధ్యలో, ఆ మోటారు బేరింగు పట్టేసింది. గురువు పోయి కొత్తది వేశాడు. "చెప్పానా?" అన్నాడు నాతో, కాని ఆ ఇంట్లో కూలీ మాత్రం తీసుకోలేదు. టీచరు గారు నాకు ఫోను చేసింది. తిడుతుందనుకున్నాను. "రెండొందల యాభైకి ఇరవయ్యారు రోజులు బాబూ, రోజుకి పది రూపాయలు కూడా పడలేదు" అంది. లెక్కల టీచరు గదా! తిట్టిందో మెచ్చుకుందో నాకిప్పటికీ తేలలేదు.

మెస్సు బాకీ తీరింది. 2025 సంక్రాంతికి ఇంటికి పోయాను. పండగ మర్నాడు నాయనా నేనూ బోరు దగ్గరికి పోయాం. ఆ షెడ్డులో స్టార్టరు పక్కన మేకుకి ఒక హోల్డరూ బల్బూ వేలాడుతుంటాయి, రెండు వైర్లు బారుగా కిందికుంటాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. రాత్రిపూట వెలుతురుకి పెట్టుకున్నాడనుకునేవాణ్ణి. ఎప్పుడూ వెలిగించగా చూడలేదు గనుక మాడిపోయిందనీ అనుకునేవాణ్ణి. ఆ రోజు దాన్ని చేత్తో పట్టుకుని చూశాను. వైర్ల కొనలు తాకించీ తాకించీ నల్లబడి ఉన్నాయి.

"నాయనా, ఆ రాత్రి వైరు ఊడకపోతే డబ్బా తనంతట తానే ఖాళీ అయ్యేది. ఊడబట్టి ఉండిపోయింది. ఫీజులు పీకినా పీకకపోయినా దానికి..."

"తెలుసురా" అన్నాడు. "దినాలైన మర్నాడే ఇంకో డబ్బా తెచ్చి, వైరు ఊడదీసి, ఈ బల్బు పెట్టి జూశా. ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయింది."

తర్వాత మోటారు వేసి, కాలవ మళ్ళించడానికి పార పట్టుకుని చేలోకి దిగాడు. నేను గట్టు మీద ఉండిపోయాను.

అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు. నాయనా చెప్పలేదు. మా చెల్లెలు తొమ్మిదో తరగతి, మంచి గొంతు. నేను తెచ్చిన ప్రతి పుస్తకం అమ్మకి పైకి చదివి వినిపిస్తుంది. వేసవి సెలవులకి ఈ సంచిక ఒకటి ఇంటికి తీసుకుపోతాను. పేరు వెయ్యాలా వద్దా అని సారు అడిగితే, వెయ్యమనే చెప్పాను.